ఆరు వీధులూ పలకాలి

తెనాలి నుంచి తిరుపతికి నేను చాలాసార్లు వెళ్ళాను. కొండ ఎక్కడం, దర్శనం, లడ్డూ, తిరుగు రైలు. నా డైరీల్లో ఆ ప్రయాణాలన్నీ ఒక పేజీకే నకళ్ళు తీసినట్టు ఉంటాయి. ఈసారి అలా కాలేదు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పనిలో ముప్పై ఏళ్ళు పైగా గడిపి, రిటైరయ్యాక చేసిన మొదటి ప్రయాణం ఇది. ఫలానా రోజుకి తిరిగి రావాలన్న నిర్బంధం లేదు. కార్వేటినగరంలో పాత సంస్థానం వారి కోట మిగిలి ఉందని ఎవరో చెప్పగా, చూసి వద్దామనుకున్నాను. చూశాను కూడా. అయితే ఇప్పుడు రాస్తున్నది ఆ కోట గురించి కాదు.

తిరుపతి నుంచి బస్సులో

లాడ్జిలో గదికి రోజుకి పన్నెండు రూపాయలు. నీళ్ళ బకెట్టుకి వేరే అడగలేదు, అదొక వింత. మాఘమాసం, ఉదయం ఇంకా చలిగా ఉంది. బస్టాండు పక్కన హోటల్లో ఇడ్లీ తిన్నాను. చట్నీ మా వైపు కన్నా పలచన, సాంబారు చిక్కన. అరవదేశం దగ్గరపడిందని నాలుకకి ముందు తెలిసింది.

పుత్తూరు మీదుగా కార్వేటినగరం వెళ్ళే బస్సులో నా పక్కన నలభై ఏళ్ళ మనిషి కూర్చున్నాడు. ఒళ్ళో పౌడరు డబ్బా ఒకటి. దాన్ని రెండు చేతులా పట్టుకుని, బస్సు గతుక్కుమన్నప్పుడల్లా సీటు నుంచి కాస్త పైకి లేచి, కుదుపు డబ్బాకి తగలకుండా చూసుకుంటున్నాడు. రేణిగుంట దాటేసరికి కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ వచ్చి ఆ వైనం చూశాడు.

"ఏమప్పా మునిరత్నం, గుడ్డు పొదగతా ఉండావా?"

"నువ్వు డ్రయివరుకు చెప్పి మెల్లగా తోలించప్పా. పొదిగినాక పిల్లను నీకే ఇస్తా."

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. అందులో ఏముందని అడిగాను. మునిరత్నం మూత తీసి చూపించాడు. దూది మధ్యలో ఆంప్లిఫయరుకి వేసే గాజు వాల్వు ఒకటి.

"మా రేడియోకు గుండెకాయ సార్ ఇది. పాతది కాలిపోయినాది. మూడు దినాలుగా మా వూరు గమ్మున ఉండాది."

"ఇంట్లో రేడియోకా?"

"వూరి రేడియోకు."

ఆకాశంలోంచి వచ్చే రేడియో కాదట. ఒక గదిలో మైకు, ఆంప్లిఫయరు. అక్కడి నుంచి ఇళ్ళ చూరులు, కొయ్యలు పట్టుకుని వీధివీధికీ తీగ. ఒక్కో వీధికీ ఒక హారను. మొత్తం ఆరు. నడిపేవాళ్ళు ఏడుగురు, వారానికి ఒక్కొక్కరిది ఒక్కో రోజు. ఎవరికీ జీతం లేదు. మునిరత్నం ఆ వూళ్ళో బడిపంతులు, సోమవారం ఆయనది.

"లైసెన్సు అడగరా?" అన్నాను. సర్కారు ఉద్యోగం చేసినవాడికి వచ్చే మొదటి ప్రశ్న అదే.

"ఒకసారి ఒక ఆఫీసరు వచ్చినాడు సార్. 'ఏరియల్ యాడ?' అన్నాడు. లేదు సామీ, తీగ ఒకటే అన్నాము. తీగ వెంబడి ఆరు వీధులూ నడిచినాడు. మళ్ళా వచ్చి కూర్చొని వార్తలు విన్నాడు. పోయేటప్పుడు 'నా గొడుగు యాడనో మర్చిపోయినాను, రవ్వంత మైకులో చెప్పండి' అన్నాడు."

"దొరికిందా?"

"అయిదు నిమిషాల్లో. రెండో వీధిలో అరుగు మీద ఉండాది. ఆయప్ప మళ్ళా రాలేదు."

అయినా వూరి పేరు రాయవద్దని మునిరత్నం తర్వాత అడిగాడు. అందుకే రాయడం లేదు.

కార్వేటినగరం

కోట దగ్గర గంటన్నర ఉన్నాను. కూలిన గోడల నీడలో మేకలు పడుకున్నాయి. రాజుగారి మెట్ల మీద ఎవరో చింతపండు ఎండబెట్టారు. అంత పెద్ద వాకిళ్ళ ముందు నిలబడి నాకు మాత్రం ఆ పౌడరు డబ్బాయే గుర్తొస్తూ ఉంది.

పూటకూళ్ళ ఇంట్లో సంగటి తిన్నాను. రాగి సంగటి ముద్ద, పక్కన పుల్లగూర, చెనిక్కాయల చట్నీ, రెండు రూపాయలు. ముద్దని మా కోస్తావాడిలా వేళ్ళతో కలపబోతే వడ్డించే ఆవిడ నవ్వింది. "అన్నం మాదిరి పిసకబాకు పెద్దాయనా. తుంచి, పులుసులో ముంచి, మింగు. నమిలితే సంగటికి కోపమొస్తాది." రెండో ముద్ద దగ్గరకి నేర్చుకున్నాను. మా గోంగూరని ఎవరి ముందూ తక్కువ చేయను గానీ ఆ పుల్లగూర రెండోసారి వేయించుకున్నాను.

మునిరత్నం నా కోసం ఆగి ఉన్నాడు. సాయంత్రం నాలుగు గంటల బస్సులో ఇద్దరం వాళ్ళ వూరికి వెళ్ళాం. నాలుగు మైళ్ళు. దారి పొడుగునా బెల్లం వండుతున్న వాసన.

వూరి రేడియో గది

పంచాయతీ ఆఫీసు వెనక చిన్న పెంకుటిల్లు. లోపల బల్ల మీద ఆంప్లిఫయరు, మైకు, ఒక ట్రాన్సిస్టరు. మూలన కారు బ్యాటరీ. గోడకి ఆనుకుని సన్నటి పొడుగాటి ముసలాయన, చేతిలో కటింగ్ ప్లేయరు. ఆయన బాషా. పెళ్ళిళ్ళకి మైకు సెట్టు అద్దెకిచ్చే వ్యాపారం. వూళ్ళో చిన్నా పెద్దా అందరికీ బాషా మామ.

మునిరత్నం డబ్బా అందించాడు. బాషా వాల్వు తీసి, వెలుతురుకి ఎత్తి చూసి, చొక్కా కొసతో తుడిచి గూట్లో నొక్కాడు. స్విచ్చి వేశాడు. గాజు లోపలి సన్నటి తీగ ఎర్రగా వెలగడానికి అర నిమిషం పట్టింది.

ఈ రేడియో ఎలా పుట్టిందో బాషాయే చెప్పాడు. నా ముఖం మీద నుంచి చూపు తిప్పకుండా మాట్లాడే మనిషి. అది మర్యాద అనుకున్నాను.

"బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు సార్. మా వూరి పిల్లకాయలు ఇద్దరు మిలిట్రీలో ఉండారు. వాళ్ళ అమ్మలు ఇద్దరూ పొద్దుగూకితే నా అంగడికి వస్తారు, వార్తలు వినిపించు బాషా అని. ఇద్దరూ ఇరుగుపొరుగు కాదు. ఒకామె ఈ కొస, ఒకామె ఆ కొస. ముసలోళ్ళు, చీకట్లో నడవలేరు. సరే, పెండ్లిండ్లు లేవు, సెట్టు ఊరకనే ఉండాది కదా అని ట్రాన్సిస్టరు ముందర మైకు పెట్టి, ఆ కొసకొక హారను, ఈ కొసకొక హారను కట్టినా."

"పిల్లలు తిరిగొచ్చారా?"

"ఇద్దరూ వచ్చినారు. యుద్ధం అయిపోయినాది కదా అని నేను హారన్లు దించడానికి నిచ్చెన వేసినా. వీధిలో ఆడోళ్ళు నిచ్చెన పట్టుకున్నారు, దిగు కిందికి అని. అట్ల నిలిచిపోయినాది."

తర్వాత ఒక్కో వీధీ హారను అడిగింది. ఆరోది ఏటి అవతల ఉన్న వాడది. అక్కడికి తీగ లాగడానికి వూరి పెద్దలు కొందరు ఒప్పుకోలేదట. "వాడకు వినబడని మాట నేను మైకులో చెప్పను" అని బాషా నాలుగు రోజులు ఆంప్లిఫయరు తీసుకుపోయి ఇంట్లో పెట్టుకున్నాడట. అయిదో రోజు వూరివాళ్ళే కొయ్యలు పాతారు. ఈ మాట బాషా చెప్పలేదు, మునిరత్నం చెప్పాడు.

ఏం చెబుతారు రేడియోలో? చిత్తూరు మండీలో బెల్లం ధర బస్సు కండక్టరు చీటీ మీద రాసి తెస్తాడు, అది. తప్పిపోయిన దూడ. కిరసనాయిలు ఎప్పుడు పోస్తారు. చెరువు నీటి వంతు రేపు ఏ వీధిది. ఆ రోజు పోస్టులో ఎవరికి ఉత్తరం వచ్చింది. ఆ చివరిది విని నేను నిర్ఘాంతపోయాను. తీసుకునే దిక్కులేక ఆఫీసు గూళ్ళలో పసుపుపచ్చగా మారిన ఉత్తరాలు నా చేతుల మీదుగా ఎన్ని వెళ్ళాయో. ఇంత సులువైన ఉపాయం మా శాఖలో ఎవరికీ తట్టలేదు.

వీధులు బదులు పలకడం

ఇప్పుడు నేను చూసిన ముఖ్యమైన సంగతి చెప్పాలి.

చాలా ఏళ్ళ క్రితం ఒకసారి తీగ తెగి ఒక వీధికి నీటి వంతు మాట వినబడలేదు. ఆ వీధి వాళ్ళు చేలోకి మడవ తిప్పుకోలేదు, పైరు ఎండింది, రెండు వీధులు కర్రలు పట్టుకున్నాయి. తప్పు ఎవరిదీ కాదు, తీగది. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏ మాటైనా చెప్పే ముందు వీధుల్ని ఒక్కొక్కటిగా పిలవాలి. వినబడిన వీధి బదులు పలకాలి. పలకని వీధికి మనిషిని పంపాలి. ఏడుగురిలో ఎవరి రోజైనా సరే, పిలిచే గొంతు మాత్రం బాషాదే. పలికిన వీధికి పుస్తకంలో టిక్కు పెట్టేదీ ఆయనే.

పొద్దు వాలింది. బాషా మైకు ముందు కూర్చున్నాడు. ఆయన వెనక స్టూలు మీద సరోజమ్మ, బాలవాడి టీచరు. ఆ రోజు చదివే వంతు ఆమెది. నేను గడప దగ్గర డైరీ తెరుచుకుని కూర్చున్నాను.

"ఒకటో వీధి పలకాల," అన్నాడు బాషా. ఆ గొంతు నలుదిక్కుల నుంచి, ఒకదాని వెనక ఒకటిగా తిరిగి వచ్చింది. దాని వెంటే భజన మందిరం గంట, మూడు దెబ్బలు. రెండో వీధి సాలెవాళ్ళది, ఇత్తడి పళ్ళెం మోగింది. మూడో వీధి నుంచి ఖాళీ నూనె డబ్బా. ఒక్కో పిలుపు తర్వాత బాషా కళ్ళు మూసుకుని, కాసేపు ఆగి, టిక్కు పెడుతున్నాడు. ఒక వూరు తన అవయవాల్ని ఒక్కొక్కటే కదిలించి చూసుకుంటున్నట్టు అనిపించింది. నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కొండ మీద గర్భగుడి ముందు కూడా ఈ మధ్య నాకు అలా కాలేదని డైరీలో రాసుకున్నాను.

అప్పుడే సరోజమ్మ నా కోసం టీ తేవడానికి పెరట్లోకి వెళ్ళింది.

"నాలుగో వీధి పలకాల." నాలుగోది గానుగల వీధి, అక్కడ రైలుపట్టా ముక్క వేలాడగట్టి ఉంటుందని మునిరత్నం చెప్పి ఉన్నాడు. బాషా కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు, టిక్కు పెట్టాడు. అయిదో వీధి సాయిబులది, పెద్ద తాంబాళం ఝల్లుమంది. ఆఖరున ఏటి అవతలి వాడ నుంచి తప్పెట. అది మోగేసరికి ఆయన ముఖం విప్పారింది, మనవడు ఇంటికి వచ్చినట్టు. మైకు స్విచ్చి తిప్పి, పుస్తకం మూయబోయాడు.

నా జీవితమంతా లెక్క తప్పిన సంచీని పట్టుకోవడంలోనే గడిచింది. నోరు ఆగలేదు.

"నాలుగోది మోగలేదండీ," అన్నాను.

బాషా నా వైపు తిరిగాడు. "ఏమన్నారు సార్?"

మునిరత్నం నాకు కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆయనకి సరిగా వినబడలేదనుకుని, ఇంకాస్త గట్టిగా, ముక్కలు ముక్కలుగా చెప్పాను. "నాలుగో వీధి. పలకలేదు. మీరు టిక్కు పెట్టారు."

సరోజమ్మ టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడిపోయింది.

బాషా పుస్తకం వైపు చూశాడు. తర్వాత మునిరత్నం వైపు, సరోజమ్మ వైపు. వాళ్ళు తల వంచుకున్నారు. ఆయన పెన్సిలు పుస్తకం మధ్యలో పెట్టి లేచాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్ల రాస్తా ఉండాను?" అని అడిగాడు.

సరోజమ్మ టీ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టేసింది.

"రేపటి నుంచి సరోజ పిలుస్తాది," అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మునిరత్నం లాంతరు పట్టుకుని నాలుగో వీధికి పరిగెత్తాడు. మూడు రోజులు రేడియో మూగబోయిన సందులో చెరుకు బండి ఒకటి తీగని తెంచుకుపోయిందట. రేడియోయే మూగగా ఉంటే తీగ తెగిన సంగతి ఎవరికి తెలుస్తుంది? ఆ రాత్రి మునిరత్నం వాళ్ళింట్లో పెట్టిన అన్నం నేను తినలేకపోయాను.

మరుసటి పొద్దు

ఉదయం బస్సుకి వెళ్ళిపోదామని సంచీ సర్దుకున్నాను. సరోజమ్మ వచ్చింది. క్షమించమని అడుగుదామనుకుంటే ఆమే మొదలుపెట్టింది.

"మీది తప్పు కాదు సార్. మామకు వినబడదని మాకందరికీ తెలుసు. రెండేండ్లాయ. సన్న శబ్దం ఏదీ వినబడదు. తప్పెట ఒకటి వినబడతాది, అదీ ఎదలో అదురుతాది అంటాడు. మాటలు ఎదుటి మనిషి పెదాలు చూసి పట్టుకుంటాడు. ముందు ఒక్క దెబ్బే కొడతా ఉండినారు సార్ వీధుల్లో. మామ కోసమని మూడు చేసినారు. మళ్ళా గట్టిగా కొట్టినారు. సాలె వీధోళ్ళ పళ్ళెం సొట్టపోయినాది."

"మరి పుస్తకం?"

"మిగిలిన వీధులు పలికినాయనే అనుకొని టిక్కు పెడతాడు," అంటూ ఆమె సంచీలోంచి చిన్న నోటు పుస్తకం తీసింది. అందులో వేరే టిక్కులు. రోజూ ఆయన వెనక కూర్చుని తను విన్నది రాసుకుంటుంది. తనకి వీలుకాని రోజున మునిరత్నం రాస్తాడు. పలకని వీధి ఉంటే ఆయన చూడకుండా మనిషిని పంపుతారు. రెండేళ్ళలో ఒక్క వీధీ ఒక్క మాటా పోగొట్టుకోలేదు.

"నిన్న టీకి లేచినాను చూడండి," అంది.

నేను ఆ టీ తాగిన మనిషిని.

"మొదట్లోనే ఆయనకి చెప్పి ఉండాల్సింది కదమ్మా."

"ఎవరు చెప్తారు సార్? 'మామా నీకు చెవుడు' అని నోరు తిరగద్దా? ఇప్పుడు పిలిచేది లేకపోతే ఆయప్ప ఇంట్లో కూర్చొని ఏం జేస్తాడు? ఇంట్లో ఎవరు మాట్లాడినా వినబడదు. ఆ తప్పెట ఒకటే ఆయప్పకు ఈ వూళ్ళో ఉండేది."

సంచీ మళ్ళీ విప్పాను. పగలంతా మునిరత్నంతో కలిసి నాలుగో వీధి తీగ అతికించే పనిలో నిచ్చెన పట్టుకున్నాను. ఆ వీధివాళ్ళు వేడి పాకం ఆకులో పోసి ఇచ్చారు. బాషా గురించి ఎవరూ ఎత్తలేదు. గానుగ దగ్గర ఒక ముసలమ్మ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "తెనాలాయనంట. చెవులు నిండా బాగుండాయంట," అంది.

రెండో సాయంత్రం

బాషా రాలేదు. ఆయన ఇల్లు రేడియో గదికి నాలుగు అడుగుల దూరం. అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చున్న ఆయన మోకాళ్ళు గుమ్మంలోంచి నాకు కనిపిస్తున్నాయి.

సరోజమ్మ మైకు ముందు కూర్చుంది. గొంతు సవరించుకుని, "ఒకటో వీధి పలకాల," అంది.

ఏమీ రాలేదు.

మళ్ళీ పిలిచింది. ఆమె గొంతు ఆరు హారన్ల నుంచీ స్పష్టంగా వస్తోంది, నాకు వినబడుతోంది. తీగలన్నీ మేమే చూసి వచ్చాం. రెండో వీధిని పిలిచింది. మూడోది, నాలుగోది, అయిదోది. ఎక్కడో కుక్క మొరిగింది. ఇంకేమీ లేదు. వీధులవాళ్ళు ముందే మాట్లాడుకున్నారా అని మునిరత్నాన్ని అడిగాను. లేదన్నాడు. ఆయన ముఖం చూస్తే నిజమే అనిపించింది. పిలిచిన గొంతు వేరేదని విని, ఏ వీధికి ఆ వీధే వాయించే కర్ర కింద పెట్టేసింది.

"వాడ పలకాల," అంది సరోజమ్మ ఆఖరున, దాదాపు బతిమాలుతున్నట్టు.

తప్పెట మోగలేదు.

నేను గుమ్మంలోంచి ముందుకి వంగి చూశాను. తప్పెట మోగే వేళ దాటిందని పసిగట్టినట్టు అరుగు మీద బాషా తల ఎత్తాడు. ఏటి వైపు తిరిగి కాసేపు ఆగాడు. అరచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి, కటింగ్ ప్లేయరు జేబులో వేసుకుని, విసవిసా మా గదిలోకి వచ్చాడు.

"వాడ తీగ తెగిందా?" అన్నాడు.

ఎవరూ మాట్లాడకముందే ఆంప్లిఫయరు వెనక్కి వంగి తీగలన్నీ ఒక్కొక్కటే లాగి చూశాడు. వాల్వు వెలుగుతోంది. ఆరు కొసలూ గట్టిగా ఉన్నాయి. నిలబడి అయోమయంగా మమ్మల్ని చూశాడు. సరోజమ్మ పుస్తకం ఆయన వైపు తిప్పింది. ఆ రోజు వరసలో ఆరు గళ్ళూ ఖాళీ.

మునిరత్నం ఆయన కళ్ళ ఎదురుగా వచ్చి, నిదానంగా అన్నాడు. "తీగలు బాగుండాయి మామా. మనుషులే పలకలేదు."

బాషా వేలితో ఆ ఖాళీ గళ్ళని ఒక్కొక్కటే తడిమాడు. తర్వాత సరోజమ్మని స్టూలు ఇటు జరుపుకోమని సైగ చేశాడు, తన వెనక కాదు, తన ఎదురుగా. కూర్చున్నాడు. పెన్సిలు తీసి ఆరు గళ్ళలోనూ ఆరు సున్నాలు చుట్టాడు.

"ఇది ఇట్లనే ఉండనీ," అన్నాడు. "పలకలేదు, పలకలేదనే రాయాల." కింద ఇంకో వరస గీశాడు. "ఇప్పుడు నువ్వు విను. వినబడితే వేలెత్తు. నేను రాస్తా."

మైకు దగ్గరికి వంగాడు.

"ఒకటో వీధి పలకాల."

ఆ మాట ఇంకా హారన్లలో ఉండగానే గంట మోగింది. మూడు దెబ్బలు కాదు, ఎన్నో నేను లెక్కపెట్టలేకపోయాను. సరోజమ్మ వేలెత్తింది. ఆయన టిక్కు పెట్టాడు. పళ్ళెం, వేలు, టిక్కు. నూనె డబ్బా, వేలు, టిక్కు. ఈసారి ఆయన కళ్ళు మూసుకోలేదు.

"నాలుగో వీధి పలకాల."

గానుగల వీధి నుంచి రైలుపట్టా ఖంగుమంది. పగలు మేము అతికించిన తీగ అది. సరోజమ్మ వేలెత్తింది. కానీ బాషా పెన్సిలు కదలలేదు. గడప దగ్గర కూర్చున్న నా వైపు తిరిగాడు.

"మీరూ విన్నారా సార్?"

నేనూ వేలెత్తాను. ఆయన తల ఊపి, నాలుగో గడిలో టిక్కు పెట్టి, అయిదో వీధిని పిలిచాడు.